వంగితే కనబడే పిస్తోలు

ఏ పిస్తోలు మంచిదని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. పెళ్ళిళ్ళలో అడుగుతారు, బంధువుల ఇళ్ళలో అడుగుతారు. మొన్న పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు ఆ డాక్టరమ్మ కూడా అడిగింది. క్లాంగ్‌లో లైసెన్సున్న తుపాకుల దుకాణంలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడి దగ్గర ఒక జవాబు ఉండి తీరాలని అందరి నమ్మకం. నేను రోజూ డైరీ రాసే మనిషిని. ఏ తుపాకీ ఎవరి చేతికి ఎలా కుదిరిందో, ఏది ఎక్కడ మొరాయించిందో అంతా రాసిపెట్టుకున్నాను. ఒక దశలో జవాబు దొరికిందనే అనుకున్నాను. తర్వాత ఒక మనిషి వచ్చి ఆ జవాబును చెరిపేసి వెళ్ళాడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఆయన సంగతి చెబుతాను. చదివాక మీకేమైనా తేలితే నాకూ చెప్పండి.

మన మలయ్ దేశంలో నడుముకు తుపాకీ పెట్టుకుని తిరిగే మామూలు మనుషులు చాలా తక్కువ. మా దుకాణానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తోటల్లో అడవిపందులను తరిమే ఎస్టేటు వాళ్ళు, సెక్యూరిటీ కంపెనీల వాళ్ళు. ప్రాణరక్షణకు పిస్తోలు కావాలంటే పోలీసులు సవాలక్ష ప్రశ్నలు వేసి, విచారించి, చాలామందిని వెనక్కి పంపి, ఎప్పుడో ఒకరికి అనుమతి ఇస్తారు. అలాంటి మనిషి మెట్లెక్కితే మా తౌకే, అంటే దుకాణం యజమాని, తానే లేచి కాఫీ తెప్పించేవాడు. తుపాకీని చేతికి, ఒంటికి కుదిర్చి ఇవ్వడం నా పని. కాల్చడం నేర్పడం ఒక మలయ్ సార్జన్ పని. పోలీసు సార్జెంటుగా రిటైరయి మా దగ్గర చేరిన మనిషి. వయసుతో పని లేకుండా భారతీయులందరినీ 'అన్నే' అని పిలిచేవాడు.

నేను చెప్పబోయే మనిషి నగల వ్యాపారి, మన తెలుగువాడే. పనివాళ్ళ దగ్గర చేయించిన నగలను సొంత కారులో పట్టుకెళ్ళి వేరే ఊళ్ళ దుకాణాలకు ఇచ్చేవాడు. ఒకరోజు కాపర్ అనే ఊరి దారిలో సిగ్నల్ దగ్గర కారు ఆగితే, మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు అద్దం పగలగొట్టి సంచీ లాక్కుపోయారు. పోతూ పోతూ పారాంగ్ కత్తితో ముంజేతి మీద నరికారు. ఆ గాయం మానిన తర్వాత కూడా ఆయన పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేవాడు. లైసెన్సు చేతికి రాగానే భార్యను వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. ఏం కావాలో ఫోనులో వీడియోలు చూసి ముందే తేల్చుకున్నాడు.

"అన్నా, మంచిది సూపించండి. పైన ఎర్రసుక్క అద్దం ఉండాల. అది నేకపోతే ఇప్పుడెవుడూ వాడట్లేదంట లా."

మాట చివర 'లా' తగిలించడం మా దేశంలో అందరికీ అలవాటు. ఎర్రచుక్క అద్దమంటే పిస్తోలు మీద బిగించే చిన్న అద్దం. దాంట్లోంచి చూస్తే ఒక ఎర్రటి చుక్క కనబడుతుంది. ఆ చుక్కను దేని మీద నిలిపితే గుండు అక్కడికి పోతుంది. ఇదంతా నేను వివరిస్తుంటే ఆయన భార్య శ్రద్ధగా విన్నది.

"ఆ సుక్క దొంగోడికి కూడా కనబడతాదేటి అన్నయ్యా?"

"కనబడదమ్మా. కాల్చేవాడికి ఒక్కడికే."

"మరేటి లాబం? దొంగోడికి కనబడితే కదా బయపడి పారిపోతాడు!"

"ఈవిడ మాటొగ్గీండి అన్నా" అన్నాడు ఆయన.

ఆమె మాటను నేనూ వదిలేశాను. కానీ ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

అద్దం బిగించిన పిస్తోలును ఖాళీ చేసి, పరీక్షించి, ఆయన చేతికిచ్చాను. ఆయన గోడ వైపు గురిపెట్టి ఒక కన్ను మూశాడు, మళ్ళీ తెరిచాడు. "అన్నా, ఇందులో సుక్క నేదు. తోకసుక్క ఉంది" అన్నాడు. నేను చూస్తే గుండ్రటి చుక్కే కనబడింది. సార్జన్ చూసి రెండు చుక్కలున్నాయన్నాడు. తౌకే కళ్ళజోడు తీసి చూసి, అసలు చుక్కే లేదు, కంపెనీకి తిప్పి పంపమన్నాడు. ఒకే అద్దంలో నలుగురికి నాలుగు రకాలుగా కనబడితే ఏ కన్నును నమ్మాలో నాకు తెలియలేదు. చివరికి లోపం అద్దంలో లేదని, కంటి ముందు పొర వంపులో తేడా ఉన్నవాళ్ళకు చుక్క అలా చెదిరి కనబడుతుందని తెలిసింది. ఆయన కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళి కొత్త కళ్ళజోడు తెచ్చుకున్నాడు. తోక కురచబడింది గానీ పూర్తిగా పోలేదు.

ఇక మా మధ్య వాదన మొదలైంది. ఆ అద్దం తీసిపారేసి, పిస్తోలు మీద మామూలుగా ఉండే ఇనుప గురితో నేర్పుతానని సార్జన్. ఆ వయసు కళ్ళకు ఇనుప గురి అలుక్కుపోతుంది, తోకున్నా చుక్కే నయమని నేను. రివాల్వరయితే మొరాయించదు కదా అని సార్జన్. ఐదు గుళ్ళతో ఎంతసేపని నేను. ఆ వారం నా డైరీ తిరగేస్తే సోమవారం ఒక నిర్ణయం, గురువారం దానికి సరిగ్గా వ్యతిరేకమైన నిర్ణయం కనబడతాయి. రెండింటికీ కారణాలు పద్ధతిగా రాసి ఉంటాయి. ఆఖరికి మధ్యరకం పిస్తోలు, పైన ఎర్రచుక్క, కుడి తుంటి మీద బెల్టు లోపలికి దిగే హోల్స్టర్ అనే ఒర ఖాయం చేశాం. పైన వదులైన బాటిక్ చొక్కా వేసుకుంటే ఉన్నట్టే తెలియదు.

ఆయన బాగా నేర్చుకున్నాడు. సార్జన్ ఆయన్ను నడిపించాడు, కారు ఎక్కించి దించాడు, సీటు బెల్టు పెట్టించాడు, పై అరలోంచి డబ్బాలు తీయించాడు. ఏ భంగిమలోనూ చొక్కా కింద ఏముందో బయటపడకూడదు. ఒక్క వంగడం దగ్గరే ఇబ్బంది వచ్చింది. నడుము వంచితే చొక్కా పైకి లేచేది, పిస్తోలు పిడి మొటిమలా పొడుచుకొచ్చేది. "అయితే వంగొద్దు" అన్నాడు సార్జన్. కిందపడిన తాళాలు తీయాలంటే వీపు నిటారుగా ఉంచి గొంతుక్కూర్చోవాలి. ఆ ఒక్క సూత్రాన్ని ఆయన చేత చెప్పించి చెప్పించి అలవాటు చేశాం. లైసెన్సు షరతు ఎలాగూ ఉంది. పిస్తోలు ఒంటి మీద ఉండాలి, లేదా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండాలి. కారులో వదలకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, నలుగురికీ కనబడకూడదు. శిక్షణ అయిపోయిన రోజున మా పని అయిపోయిందనుకున్నాను.

ఆ ఏడు శ్రీరామనవమికి బటాంగ్ బెర్జుంటై దగ్గరున్న రామభజన మందిరానికి నేనూ వెళ్ళాను. రబ్బరు తోటల కాలంలో మా పెద్దవాళ్ళు కట్టుకున్న మందిరం అది. చుట్టూ ఇప్పుడు పామాయిల్ చెట్లే. మా వ్యాపారి ఒక డెలివరీ ముగించుకుని నేరుగా అక్కడికే వచ్చాడు. అందరూ నేల మీద కూర్చుని భజన చేస్తుంటే ఆయన మోకాళ్ళ నొప్పుల ముసలమ్మల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకో హాలు మొత్తంలో ఆయన భార్యకూ నాకూ మాత్రమే తెలుసు.

భజన అయ్యాక చిన్నవాళ్ళు వరసగా వచ్చి పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టడం అక్కడి ఆచారం. పెద్దవాళ్ళలో అందరికంటే పెద్దాయన ఈ వ్యాపారికి స్వయానా మేనమామ. తండ్రి చిన్నప్పుడే పోతే ఈయన్ను పెంచి, బడికి పంపి, క్లాంగ్‌లో కంసాలి దగ్గర పనిలో పెట్టినవాడు ఆయనే. మేనల్లుడి వంతు వచ్చేసరికి పెద్దాయన కుర్చీలో సర్దుకుని కాళ్ళు ముందుకు చాపాడు. ఈయన ఎదుట నిలబడి చేతులు జోడించాడు. అంతే. వంగలేదు.

"ఏరా అల్లుడా, నడుం పట్టీసిందేటి?"

"నేదు మావా."

"మరేటి?"

వెనక వరసలో జనం తోసుకుంటున్నారు. ఆ మధ్యరకం పిస్తోలుతో గొంతుక్కూర్చున్నా, పాదాలు అందుకునేసరికి పిడి పొడుచుకొస్తుంది. ఈయన చెయ్యి చొక్కా అంచు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. చెంపల మీద చెమట దిగుతోంది. పెద్దాయన కాసేపు చూసి, చాపిన కాళ్ళను కుర్చీ కిందికి లాగేసుకున్నాడు.

"డబ్బు సేసినోళ్ళకి నడుం ఒంగదులే. ఎల్లు, ఎల్లి కూకో."

పానకం పంచుతున్న కుర్రాళ్ళు కూడా ఆగిపోయారు. ఈయన ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. బయట కారు దగ్గర ఆయన భార్య నన్ను ఆపింది.

"అన్నయ్యా, మీకు తెలుసు కదా. మీరైనా మావయ్యకి ఒక మాట సెప్పకూడదా?"

"చెబితే రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది తల్లీ. తుపాకీ ఉందని తెలిస్తే, దాని కోసమే వచ్చేవాళ్ళుంటారు."

"అయితే మావయ్య మా మొగం సూడకపోయినా పరవానేదా?"

నేను చెప్పినదంతా నిజమే. దుకాణంలో అయితే గట్టిగా చెప్పగలిగేవాణ్ణి. ఆ పామాయిల్ చెట్ల మధ్య మాత్రం నా మాటలు నాకే అర్థం కాలేదు.

కొన్ని నెలల తర్వాత ఆయన దుకాణానికి వచ్చి కౌంటరు ముందు కూర్చున్నాడు. మామ ఫోను ఎత్తడం లేదట. దీపావళికి పంపిన పంచె తిరిగి వచ్చిందట. "ఈ పిస్తోలు వాపసిచ్చీమంటారా అన్నా?" అని అడిగాడు. జవాబు చెప్పేలోపు ఆయనే మళ్ళీ అన్నాడు. "ఇచ్చీస్తే ఆ సిగ్నల్ కాడ కారాపనేను. ఇవ్వకపోతే మావ దక్కడు. ఏటి సేయమంటారు?"

నేను సార్జన్ వైపు చూశాను. విషయం ఆయనకు వెంటనే అర్థమైంది. "మాకూ అంతే లా. మా రంజాను పండగ హరిరాయకి అమ్మ ముందు వంగి చేతిని ముద్దు పెట్టుకోవాలి. ఒకసారి డ్యూటీ మధ్యలో తుపాకీతో వెళ్ళాను అన్నే."

"అప్పుడేం చేశావు?"

"ఏం చేస్తాను? అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. డ్యూటీ అయ్యాక రమ్మంది."

దీని వల్ల మాకు ఏ ఉపాయమూ దొరకలేదు. అయినా పనివాళ్ళం కదా, మాకు తెలిసిన పని మొదలుపెట్టాం. మధ్యరకం పిస్తోలు తీసి చిన్నది కుదిర్చాం. అంత కష్టపడి కళ్ళజోడుతో సహా అమర్చిన ఎర్రచుక్కను, కిందికి దిగినప్పుడు పక్కటెముకకు తగులుతోందని, పక్కన పెట్టాం. తర్వాత దండం సాధన. నేను కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపేవాణ్ణి. ఆయన ఖాళీ పిస్తోలు తుంటిన పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళ మీదికి దిగి నా పాదాలు అందుకునేవాడు. పక్కనే సార్జన్.

"కుడి మోచెయ్యి దగ్గరగా! వీపు వంగింది. మళ్ళీ చేయండి."

"సార్జన్, ఇది దండమా, డ్రిల్లా?" అన్నాడు వ్యాపారి.

"మీ మామగారికి దండం. నాకు డ్రిల్లు. మళ్ళీ."

ఆ రోజు ఏ శిక్షణ ఇచ్చామో రాయడానికి డైరీలో నాకు పేరు తట్టలేదు. ఖాళీ వదిలేశాను.

ఒక ఆదివారం ఆయన, ఆయన భార్య, నేను కలిసి పెద్దాయన ఇంటికి బయలుదేరాం. నేను కూడా రావాలని ఆయన భార్య పట్టుబట్టింది. బయలుదేరే ముందు "ఇవాళొక్కరోజు ఇనప్పెట్టెలో ఎట్టీండి" అని ఆవిడ బతిమాలింది. "ఆ దార్లోనే కదా నన్ను నరికినారు" అని ఆయన. ఆ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. ఆయన రెండు పక్కల అద్దాలూ చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక మోటారు సైకిల్ పక్కకొచ్చి ఆగితే ఆయన ఊపిరి మాకు వినిపించింది. దాని మీద ట్యూషను సంచీతో ఒక ఆడపిల్ల, ముందు వాళ్ళ నాన్న.

పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. మేనల్లుడు వెళ్ళి, మేం నేర్పినట్టే, వీపు కర్రలా బిగించి, మోచెయ్యి ఒంటికి ఆనించి, మోకాళ్ళ మీదికి దిగాడు. డ్రిల్లు ప్రకారం ఎక్కడా తప్పు లేదు.

"ఇదేటి దండంరా? కోలాటంలో కర్ర మింగినోడి లాగ!"

అంటూనే పెద్దాయనకు మనసాగలేదు. ముందుకు వంగి రెండు చేతులతో మేనల్లుణ్ణి పట్టుకుని లేపబోయాడు. ఎడమ చెయ్యి తుంటికి తగిలి అక్కడే ఆగిపోయింది. చొక్కా మీదుగా వేళ్ళు దాని ఆకారమంతా తడిమాయి.

"ఇదేటిది?"

మేనల్లుడి భార్యే చెప్పింది.

"పిస్తోలు మావయ్యా. లైసెన్సుదే. ఆరోజు మందిరంలోనూ ఉంది. అందుకే ఒంగనేకపోయినారు."

"సంచీ పోయింది, నాకేటీ కానేదు అని సెప్పినాడు కదా నాకు?"

ఆవిడ భర్త చొక్కా చెయ్యిని మోచేతి దాకా పైకి తోసింది. మణికట్టు నుంచి పైకి పాకిన మచ్చను పెద్దాయన దగ్గరగా వంగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వేనా బాబూ ఇది ఇచ్చినోడివి?"

"నేనే బాబాయ్."

"నేర్పినోడివి?"

"నేనూ, ఇంకొకాయనా."

"నా కాళ్ళకాడికి ఒంగనేనోడు, కత్తి మీదికొస్తే ఒంగి తప్పించుకోగలడేటి?"

నా దగ్గర జవాబులున్నాయి. దొంగ ఎంత దూరంలో ఉన్నాడు, చెయ్యి ఎంత త్వరగా కదులుతుంది, కారులో ఉన్నప్పుడు ఏది ముందు చేయాలి, అన్నీ ఏళ్ళ తరబడి కౌంటరు మీద చెప్పిన మాటలే. ఆయన అడిగింది మాత్రం వాటిలో లేదు. తర్వాత ఈ ప్రశ్న సార్జన్‌కు చెబితే ఆయన గడ్డం గోక్కుని "నాకెవరూ ఇది అడగలేదు అన్నే" అన్నాడు. ఆ వారం నుంచి తన పాఠంలో వంగి పక్కకు తప్పుకోవడం కూడా చేర్చాడు. దాంతో జవాబు వచ్చినట్టో కాదో ఆయనకూ తెలియదు.

ఆ రోజు వరండాలో మాత్రం పెద్దాయన మేనల్లుడి చొక్కా చేతిని తానే కిందికి దించి, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టాడు. ముసలి వేళ్ళు, బొత్తాం పట్టడానికి చాలాసేపు పట్టింది.

"నాకాడికి వచ్చినప్పుడు అది వద్దురా."

"దారి బాగోదు మావా."

"అయితే నువ్వే రావొద్దు. ఫోన్లో మాటాడుకుందాం. ఎత్తుతాన్లే."

తిరుగు దారిలో ఆయన కారు నడుపుతూ ఏడ్చాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంటికెళ్ళాక ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. నగలు మోసే రోజుల్లో పిస్తోలు ఒంటి మీద ఉంటుంది. మామ దగ్గరకు వెళ్ళే రోజుల్లో ఇనప్పెట్టెలో ఉంటుంది. నేను ఒప్పుకోలేదు. పెట్టుకుంటే రోజూ పెట్టుకోవాలి, లేకపోతే అసలు వద్దు. కొన్నాళ్ళు ఉండి కొన్నాళ్ళు లేకపోతే ప్రమాదం వచ్చిన క్షణాన చెయ్యి ఖాళీ నడుము దగ్గరకు పోతుందని నేను జీవితమంతా నేర్పిన పాఠం. సార్జన్ ఆయన వైపు మాట్లాడాడు. వారం తిరిగేసరికి నేను ఆయన చేసిందే సబబంటున్నాను, సార్జన్ తప్పంటున్నాడు. మా తౌకే మాత్రం రెండు పిస్తోళ్ళు మార్చిన మనిషి మూడోది కూడా కొంటాడేమోనని ఎదురుచూశాడు.

మరుసటి ఏడు శ్రీరామనవమికి మళ్ళీ అదే మందిరం. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని భజనలో కూర్చున్నాడు. మధ్యమధ్య కుడిచెయ్యి తనంతట తాను తుంటి దగ్గరకు పోవడం, అక్కడ ఏమీ లేక తొడ మీదికి రావడం నేను చూస్తూనే ఉన్నాను. వరస కదిలింది. పెద్దాయన అప్పటికి బాగా చిక్కిపోయాడు. ఎవరో కుర్చీని వెనక నుంచి పట్టుకున్నారు. మేనల్లుడు నడుము పూర్తిగా వంచి నుదురు ఆయన పాదాలకు ఆనించాడు. చొక్కా వీపు మీదికి లేచింది. లోపల బనీను తప్ప ఏమీ లేదు.

దీవించడానికి తల మీదికి రావలసిన పెద్దాయన చెయ్యి ముందు నడుము మీదికి వెళ్ళింది. కుడి తుంటిని తడిమింది. అక్కడ లేదు. ఎడమ తుంటిని కూడా తడిమింది. ఆ తర్వాతే తల మీదికి వచ్చి ఆగింది.

ఉందేమోనని తడిమాడా, లేదేమోనని తడిమాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ముఖంలో ఊరట కోసం వెతికితే ఊరటే ఉన్నట్టు కనబడింది. దిగులు కోసం వెతికితే అదీ కనబడింది. మేనల్లుణ్ణి లేపి, చెవి దగ్గర మాత్రమే అనబోయాడు గానీ, చెవుడు వల్ల ఆయన గొంతు హాలంతా వినిపించింది.

"బోయనం సేసి బేగి బయల్దేరిపోండిరా. ఎలుతురుండగానే ఆ సిగ్నల్ దాటీయండి."

ఆ రోజు మేం మొదటి పంక్తిలోనే భోంచేసి బయలుదేరాం. ఆయన కారు ముందు, నా కారు వెనక. సిగ్నల్ దగ్గరకు వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఎర్రదీపం పడింది. ముందు కారులో ఆయన తల అటూ ఇటూ తిరగడం, ఆయన భార్య చెయ్యి ఆయన భుజం మీద ఉండడం నాకు వెనక నుంచి కనబడుతూనే ఉన్నాయి. నా కారును ఆయన కారు పక్కకు, సంచీ లాక్కుపోయినవాళ్ళు వచ్చిన వైపుకు, తెచ్చి ఆపాను. దాని వల్ల ఏం ఉపయోగమో తెలియదు. దీపం మారేదాకా అలాగే ఉన్నాను.